గడప దగ్గర మూడో ప్రశ్న

ఫిబ్రవరి 3, సోమవారం

మధ్యాహ్నం మూడున్నర. హోటల్ వంటింటి వెనక పచ్చళ్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. విత్తనాల దుకాణం వాళ్లిచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ ఇందులో ఆదివారం ప్రసంగాలకు తలకట్లే రాసుకున్నాను. ఇవాళ వేరే సంగతి రాయవలసి వచ్చింది. నోటితో ఎవరికైనా చెప్పుకుందామంటే, నా నోటి సంగతే ఇది.

నిన్నటితో ఉప్పలయ్యకు ముప్పై ఆరు ఆదివారాలు. మా ప్రార్థనలు జరిగే మట్టెవాడ షెడ్డు గడప అవతల, చెప్పుల పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంకా నాలుగు. మార్చి రెండున నలభై నిండుతాయి. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం. సంఘమంతా చూస్తుండగా నేను గడప దగ్గరికి వెళ్లి, "నా నోరు శుభ్రం" అని ముందు నా సంగతి చెప్పి, ఆ తర్వాతే నా తమ్ముణ్ణి "మళ్లీ ముట్టినవా?" అని అడిగి, చెయ్యి పట్టుకుని లోపలికి తేవాలి. శుభ్రమైన నోరు లేనివాడికి అడిగే హక్కు లేదు. ఈ కట్టడి పెట్టింది నేనే. పదకొండేళ్లలో సారాకూ కల్లుకూ లొంగిన తొమ్మిది మందిని ఆ గడప అవతల నిలబెట్టాను. ఎనిమిది మందిని చెయ్యి పట్టి వెనక్కి తెచ్చాను. తొమ్మిదోవాడు నా తోడబుట్టినవాడు.

పొద్దున హోటల్ యజమాని రాజేశ్వర్ రావు సార్ పిలిచారు.

"మొగిలీ, జర్మనోళ్లు వస్తాండ్రు. పద్నాలుగు మంది. రామప్ప గుడి సూసుకొని మన హోటల్ల దిగుతరు. మార్చి ఒకటి, శనివారం సాయంత్రం మన తిండే కావాల్నట. గని వాళ్ల వైన్‌తోని. రెండు డబ్బాలు ముందుగాల్నే పంపిండ్రు."

"సరే సార్, వండుత."

"వండుడు ఒక్కటే గాదు. ఆ వైన్‌కు మన తిండిల ఏది పడుతది, ఏది పడదు, నువ్వే తేల్చాలె. నీ అసొంటి నాలుక జిల్లాల లేదు."

"సార్, నేను ముట్ట. మీకెర్కనే గదా."

"తాగుమన్ననా? రుచి సూడుమన్న." నవ్వారు. "అన్నట్టు, షెడ్డు కారుతాందంటివి గదా. వానకాలం రాకముందే కొత్త రేకులు ఏయిస్త."

షెడ్డు ఆయనదే. ఒకప్పుడు పత్తి బేళ్లు పెట్టుకున్న గోదాము. పదకొండేళ్లుగా తాళం నా దగ్గరే ఉంది. ఏనాడూ తిరిగి ఇమ్మని అడగలేదు. ఇవాళ కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, నేనూ గట్టిగా జవాబు చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరి 4

ముట్టను. చూడను. వాసన కూడా చూడను.

ఫిబ్రవరి 6, గురువారం

సీసాలు పెద్ద ఫ్రిజ్‌లో పెట్టారు. సన్నగా, పొడుగ్గా, పచ్చగా ఉన్నాయి, కొంగ మెడల్లాగా. రీస్లింగ్ అట. ద్రాక్ష పేరు అది. తీపి లేని రకం. మసాలాలు నూరే సమ్మమ్మ ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా నన్ను చూసి, "మొగిలన్నా, నీ దయ్యం సల్లగ పండుకున్నది, దుప్పటి కప్పన్నా?" అంటోంది.

వాసన చూసినంత మాత్రాన పాపం లేదని మధ్యాహ్నం ఆలోచించాను. సారా కొట్టు ముందు నుంచి నడిచినా వాసన వస్తుంది కదా. రెండో డబ్బాలోంచి ఒక సీసా మూత తిప్పాను.

గ్యాస్‌నూనె! కిరోసిన్ కంపు!

రెండో సీసా తీశాను. అదే వాసన. లారీలో గ్యాస్‌నూనె డబ్బాల పక్కన పెట్టి తెచ్చినట్టున్నారు. రెండు సీసాలూ మోరీలో గుమ్మరించాను. గుమ్మరిస్తూ పాట పాడాను. నేను చెయ్యలేని పనిని దేవుడే చేశాడు. ఎర్ర సముద్రం చీల్చినవాడికి రెండు డబ్బాల వైన్ ఎంత!

సార్‌కు చెప్పాను. ఆయన వెంటనే హైదరాబాద్‌కు ఫోన్ చేశారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ముప్పై ఏడు.

ఇవాళ ప్రసంగం బాగా కుదిరింది. ద్రాక్షతొక్క కూడా ముట్టనని పుట్టకముందే దేవుడికి మొక్కుబడి అయిన ఆ వీరుడి కథ చెప్పాను. సింహాన్ని చీల్చినవాడు ఒక ఒడిలో తలపెట్టి పడుకున్నాడు, లేచేసరికి బలమంతా దాగిన జుట్టు లేదు. "బలం పోయిన సంగతి వానికే తెల్వదు! అది అసలైన శిక్ష!" అని నేను గర్జిస్తే ముందు వరసలో ఆడవాళ్లు ఏడ్చారు. ఉప్పలయ్య బయట నుంచి వింటున్నాడు. వినే ఉంటాడు.

వాడి తప్పు పెద్దదేమీ కాదని సంఘంలో కొందరు అప్పుడే గొణిగారు. అమ్మ దినాల నాడు మా ఊళ్లో పెద్దమనుషులు నేల మీద సాక పోసి, మిగిలింది చేతికిస్తే రెండు దోసిళ్ల కల్లు తాగాడు. కట్టడి ప్రకారం మూడు ప్రశ్నలు అడిగాను. తాగినవా? తాగిన అన్నా. ఎవలిచ్చిండ్రు? మేనమామ. రుచించిందా?

మూడో ప్రశ్నకు అంతకుముందు ఎనిమిది మందీ ఒక్కటే జవాబు చెప్పారు: లేదన్నా, చేదు, విషం. వాళ్లకు ఇరవై ఆదివారాలు. ఉప్పలయ్య ఒక్కడే తల ఎత్తి, "రుచించిందన్నా. అమ్మ పోయినంక నోటికి తీపి తగిలింది అదొక్కటే" అన్నాడు.

రుచించినవాడికి నలభై. అది కూడా కట్టడిలో ముందునుంచీ ఉన్న మాటే. వాడి కోసం పెట్టింది కాదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

హైదరాబాద్ నుంచి స్నేహలత అనే అమ్మాయి వచ్చింది. పెద్ద హోటళ్లలో వైన్ గురించి నేర్పుతుందట. ముప్పై ఏళ్లుంటాయి. నేను గుమ్మరించిన సీసాల సంగతి విని నోరు తెరిచింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"అన్నా, గ్యాస్‌నూనె కలువలే. ఈ ద్రాక్షకు ఏండ్లు గడిచినకొద్దీ అసొంటి వాసన పుడుతది. దానికోసమే ఎతుక్కొని కొంటరు. నువ్వు మోరీల పోసింది డబ్బాలన్నిట్ల పాత సరుకు."

సమ్మమ్మ వెనక నుంచి, "అయితే మన మోరీ ఇయ్యాల జర్మన్ల మాట్లాడుతది" అంది. వంటిల్లంతా నవ్వింది. నేను కూడా నవ్వవలసి వచ్చింది.

స్నేహలత గ్లాసులో మూడో వంతు పోసి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, గుటక నోట్లోకి తీసుకుని పుక్కిలించినట్టు తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలోకి ఉమ్మేసింది. ఆడపిల్ల అలా ఉమ్మడం నేను చూడలేదు.

"నువ్వు చెప్పమ్మా ఎట్లున్నదో. నేను దాన్ని బట్టి వండుత."

"నా నోటితోని నువ్వెట్ల వండుతవన్నా? మింగుడు అక్కెర్లేదు. మేం గూడ మింగం. ఊంచుడే."

ఆ మాట గురించి సాయంత్రం దాకా ఆలోచించాను.

ఫిబ్రవరి 12, బుధవారం

నోట్లోకి పోయేది కాదు, నోట్లోంచి వచ్చేదే మనిషిని మైలపరుస్తుందని సువార్తలో గురువు స్వయంగా చెప్పాడు. నేను చెప్పిన మాట కాదు.

ఒక గుటక. ఉమ్మేశాను. గొంతు దాటలేదు.

నిమ్మతొక్క. పచ్చి యాపిల్. ఎండకు కాగిన బండ మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి. పులుపు నాలుక పక్కల పట్టి లాగుతుంది. తీపి లేదు. నోరు కడిగినట్టయింది, ఆకలి వేసింది.

ఇది ఉద్యోగం పని కనుక రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

నాటుకోడి కూరతో చూశాం. మామూలు తేజ మిర్చి కారమే వేశాను. కూర తిని వైన్ నోట్లో పెట్టుకోగానే మంట మీద మంట. కళ్లలో నీళ్లు. స్నేహలత మొహం ఎర్రబడింది.

"కారం తగ్గియ్యన్నా. సారాయి ఉన్నదేదైనా కారాన్ని ఎగదోస్తది."

"కారం తగ్గిస్తే అది కూరెట్లయితది బిడ్డా? దవాఖాన తిండైతది."

పుంటికూర మాంసం కూడా కుదరలేదు. గోంగూర పులుపు, దీని పులుపు పొట్టేళ్లలాగా కుమ్ముకున్నాయి, వైన్ ఓడిపోయి నీళ్లయింది. పచ్చిపులుసు సంగతి చెప్పనక్కర్లేదు. గరిజెల తీపి తిన్నాక నోట్లో పెట్టుకుంటే వైన్ పులిసిన సిర్కా అయిపోయింది. తీపికి ఇది పనికిరాదు.

అన్నిటికీ ఉమ్మేశాను. గొంతు దాటలేదు.

ఇంటికి వెళ్లాక కట్టమ్మ నా మొహం దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏందయ్యా, నిమ్మకాయలు కోసినవా?"

"ఆఁ."

లోపలికి వెళ్లి ఇంత జీలకర్ర తెచ్చి నా చేతిలో పోసింది. నమలమనీ అనలేదు, ఎందుకనీ అనలేదు. ఇరవై ఆరేళ్ల సంసారంలో ఆమె ఎన్నడూ నా చేతిలో ఊరికే జీలకర్ర పోయలేదు. నమిలాను.

ఫిబ్రవరి 14

చపాట మిర్చి! రాత్రంతా గుర్తుకు రాలేదు, పొద్దున మొహం కడుక్కుంటుంటే తట్టింది. పొట్టిగా, లావుగా, టమాటాలాగా ఉండే మన కాయ. రంగు రక్తంలాగా, కారం పిల్లాడు కూడా తట్టుకునేంత. ఏనుమాముల మార్కెట్‌కు నేనే వెళ్లి కొత్త కాయ ఏరుకొచ్చాను. సమ్మమ్మ చేత దంచించాను.

కోడికూర కుంకుమ రంగులో వచ్చింది. నోట్లో వేడి ఉంది, మంట లేదు. దాని మీద ఆ వైన్.

స్నేహలత లేచి నిలబడి నాకు దండం పెట్టింది. "అన్నా, ఇది నేను సదువుకున్న ఏ పుస్తకంల లేదు" అంది.

ఎవరూ నేర్పకుండా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ మాట చెవికి ఎంత హాయిగా ఉందో రాయను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ముప్పై ఎనిమిది. గొంతు బాగాలేదని ప్రసంగం చిన్నదిగా ముగించాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

కొర్రమీను. పసుపు, ఉప్పు, నిమ్మరసం, బియ్యప్పిండి అద్ది పెనం మీద వేయించాను. చేప నీచు ఉన్నచోటల్లా వైన్ వెళ్లి తుడుచుకొచ్చింది. సరిపోయింది. ఖాయం.

ఫిబ్రవరి 19, బుధవారం

ఉమ్మే గిన్నె తోమడానికి వెళ్లింది. కనబడలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

నిన్నటిది సరిగ్గా రాయాలి. అబద్ధం రాయడానికి డైరీ ఎందుకు, కరపత్రం చాలు.

నిన్న గిన్నప్ప చేశాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు, చపాట కారం వేసి తడిపి, గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె వదిలి కాల్చాను. అంచు కరకర, నడుమ మెత్తన. అమ్మ చేసినట్టే. స్నేహలత పాత సీసా తెరిచింది, గ్యాస్‌నూనె వాసన ఉన్న రకం. ఆ అప్ప ముక్క నములుతూ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా గుడిసెలో బుడ్డి దీపం. నాకు పదకొండేళ్లు. నాయిన గుడుంబ తాగి వాకిట్లో పడి ఉన్నాడు. అమ్మ గిన్నప్ప కాలుస్తోంది. ఎవరో పంచిపెట్టిన సువార్త పుస్తకాన్ని దీపం కింద పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాను. ఉప్పలయ్య నా మోకాలి మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. నేను దేవుడి మాట మొదటిసారి చదివిన రోజు వాసన అది. నాయినను చంపిందని నేను శపించిన సీసాల జాతిలోంచి అది లేచి వచ్చింది.

మింగాను. గిన్నె పక్కనే ఉంది.

ఆ తర్వాత ఇంకో గుటక కూడా.

ఫిబ్రవరి 21

కడుపు కోసం, తరచూ వచ్చే జబ్బు కోసం కొంచెం వైన్ పుచ్చుకోమని పెద్దాయన తన కుర్ర శిష్యుడికి ఉత్తరంలో రాసిన మాట బైబిల్లో ఒకటుంది. ఇరవై ఏళ్లలో దాని మీద నేను ఒక్కసారీ బోధించలేదు. ఇవాళ తీసి చూస్తే ఆ రెండు పేజీలూ అంటుకుపోయి ఉన్నాయి. గోరుతో విడదీశాను. ఒక అంచు చిరిగింది.

నాకు కడుపులో ఏ జబ్బూ లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ముప్పై తొమ్మిది.

ప్రార్థన అయ్యాక ఉప్పలయ్య తన ఆటోలో ఇంటి దగ్గర దింపాడు. దారిలో ఆపి, సీటు కింద నుంచి సంచి తీశాడు. తెల్ల చొక్కా. కొత్తది, ఇస్త్రీ మడత విప్పలేదు.

"వచ్చే వారం తొడుగుత. మంచిగున్నదా అన్నా?"

"మంచిగున్నది."

"లోపట ఫ్యాన్ కింద కూసుంట. రెండో వరస. నా జాగల ఎవలన్న కూసుంటాండ్రా?"

"లేదు తమ్మీ. ఖాళీగనే ఉన్నది."

"నలభై వారాలు నీ మాట ఇన్న గని నీ మొకం కనవడలే. అక్కడి నుంచి సూస్తే తలుపు రెక్క అడ్డమొస్తది. నీ కాళ్లే కనవడ్తయ్. నువ్వు కోపంల ఉన్నప్పుడు కుడి కాలు మీద లేస్తవ్, ఎర్కనా?"

నవ్వుతూ ఆటో నడిపాడు. నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. వాడి వైపు ఊపిరి వదలడానికి భయం వేసింది. అప్పటికి నేను తాగి నాలుగు రోజులయింది. వాసన ఎక్కడ ఉంటుంది? అయినా అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

సార్‌ను కలిశాను. ఆదివారం సంగతి వివరించి, ఈ విందు వేరే వాళ్లకు అప్పగించమని అడుగుదామని వెళ్లాను. ఆయన షెడ్డు రేకుల కొలతలు కాగితం మీద వేసుకుని కూర్చున్నారు.

"ఇరవై రెండు రేకులు పడ్తయ్ మొగిలీ. ఎండ దిగకుంట కింద థర్మాకోల్ గూడ ఏయిద్దామా? ముసలోళ్లు వస్తరు గదా."

"ఏయిద్దాం సార్."

వచ్చేశాను.

మొగిలయ్యా, మోషే అయితే రాజు ముందు నిలబడి "వదిలిపెట్టు" అన్నాడు. నువ్వు రాజు ముందు నిలబడి థర్మాకోల్ గురించి మాట్లాడావు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఒక దారి తోచింది. ఉప్పలయ్య ఆగస్టులో ఒక ఆదివారం రాలేదని గుర్తు. జ్వరం అన్నారు. రాకపోతే ఆ వారం లెక్కలోకి రాదు. మార్చి రెండున ముప్పై తొమ్మిదే అవుతాయి. ఒక వారం వాయిదా. ఆ వారంలో నేను ఉపవాసం ఉండి, కడుక్కుని...

కట్టమ్మతో, "ఆగస్టుల తమ్ముడు ఒక వారం రాలేదు గదా?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

ఆమె బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది.

"వచ్చిండు. జొరంతోని రగ్గు కప్పుకొని నిలవడ్డడు. వాన గొట్టింది. నువ్వు సూడలే. నేను లేచి గొడుగిచ్చొచ్చిన."

"అవునా?"

"నీకు ఒక్క ఆదివారం కావాల్నంటే నీ దాంట్లకెల్లి తీస్కో. ఆయన దాంట్లకెల్లి దొంగతనం చెయ్యకు."

మళ్లీ బియ్యం ఏరుకుంది. ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. జీలకర్ర రోజు నుంచే.

ఫిబ్రవరి 28

రేపటి వరస: మొదట గిన్నప్ప, పాత సీసా. తర్వాత కొర్రమీను, కొత్త సీసా. ఆ తర్వాత చపాట కారంతో నాటుకోడి, తెల్లన్నం. పుంటికూర లేదు. తీపి చివర్న, అప్పటికి వైన్ గ్లాసులు తీసేయాలి.

గ్లాసులు తీసేయాలి. ఇది స్నేహలతకు రెండుసార్లు చెప్పాను.

మార్చి 1, శనివారం

విందు ఏడున్నరకే అయిపోయింది. వాళ్లు పొద్దుండగానే తింటారు. గిన్నె నాకేశారు.

వాళ్లలో పెద్దాయన ఒకడు, తెల్ల గడ్డం, నన్ను వంటింట్లోంచి పిలిపించాడు. వాళ్ల ఊళ్లో తాతల నాటి నుంచి ద్రాక్షతోట ఉందట, ఈ పాత సీసా ఆ తోటదేనట. స్నేహలత తెలుగులో చెప్పింది. నా చేతికి నిండు గ్లాసు ఇచ్చాడు. అందరూ లేచి నిలబడి గ్లాసులెత్తారు. రాజేశ్వర్ రావు సార్ చప్పట్లు కొట్టారు. ఉమ్మే గిన్నె ఎవరూ తేలేదు. నేను అడగలేదు.

మొత్తం తాగాను.

"నీకు అన్నిట్ల ఏది మంచిగనిపించిందని అడుగుతాండన్నా," అంది స్నేహలత.

"గిన్నప్ప, ఈ పాత సీసా," అన్నాను. ఆలోచించలేదు. మాట నోట్లోంచి తనంతట తనే దూకింది. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

వంటింటి గుమ్మంలోకి వచ్చాకగానీ నాకు అర్థం కాలేదు. మూడో ప్రశ్న అదే. అడిగినవాడు వేరు, భాష వేరు. జవాబు చెప్పేశాను.

నోట్లోకి పోయేది మైల చేయదు, సరే. రేపు గడప దగ్గర నా నోట్లోంచి వచ్చే మాట?

మార్చి 2, ఆదివారం

వరసగా రాస్తాను.

షెడ్డు నిండా మనుషులు. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, కట్టమ్మ నల్లద్రాక్ష ఉడికించి వడగట్టిన రసం. ఉప్పలయ్య తెల్ల చొక్కా తొడుక్కుని గడప అవతల నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు. చెంప మీద చిన్న గాటు.

నేను గడప దగ్గరికి వెళ్లాను. పాట ఆగింది. "నా..." అన్నాను.

అంతే. రాలేదు. ఇరవై ఏళ్లు ఈ నోటికి మాట తడుముకోవడం తెలియదు. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. వెనక ఎవరో దగ్గారు. ఉప్పలయ్య నా కళ్లలోకి చూశాడు. చిన్నప్పుడు నాయిన వాకిట్లో పడ్డప్పుడు, లోపలికి తెద్దామా వద్దా అని నన్ను చూసేవాడు. అదే చూపు.

నేను చెప్పులు లేకుండానే గడప దాటి బయటికి వచ్చాను. వాడి పక్కన నిలబడ్డాను.

"అన్నా, ఏందిది?" అన్నాడు మెల్లగా.

"అడుగు తమ్మీ. ఇయ్యాల ఈడ శుభ్రమైన నోరు నీదే."

వాడు కొత్త చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, లోపల చివరి వరసకు కూడా వినబడేలా, "నా నోరు శుభ్రం" అన్నాడు. సంఘంలో ఒక ఊపిరి లేచింది.

"తాగినవా?"

"తాగిన."

"ఎవలిచ్చిండ్రు?"

రాజేశ్వర్ రావు అందామనుకున్నాను. జర్మన్ ముసలాయన, స్నేహలత, రేకులు... "ఎవ్వలియ్యలే. చెయ్యి సాపి నేనే తీస్కున్న."

మూడో ప్రశ్న దగ్గర వాడు ఆగాడు. అడగకుండా వదిలేద్దామనుకున్నాడు, నాకు తెలుసు. నన్ను ఇరవైతో పోనిద్దామనుకున్నాడు. నేను తల ఊపాను.

"రుచించిందా అన్నా?"

"పుల్లగున్నది."

"పులుపో చేదో అడగలే."

లోపల ఎనిమిది మంది ఉన్నారు, ఒకప్పుడు ఇక్కడే నిలబడి "లేదన్నా, విషం" అన్నవాళ్లు. వాళ్లలో ఒకరూ తల ఎత్తి నన్ను చూడలేదు. వాళ్లకు కూడా రుచించే ఉంటుంది. వాళ్లకు అబద్ధం నేర్పింది ఎవరు? నిజం చెప్పిన ఒక్కడికే రెట్టింపు వేసింది ఎవరు?

"రుచించింది," అన్నాను. "అమ్మ దీపం వాసనొచ్చింది తమ్మీ."

ఉప్పలయ్య మొహం తిప్పుకున్నాడు.

ఇప్పుడు వాణ్ణి లోపలికి ఎవరు తీసుకెళ్లాలి? శుభ్రమైన నోరున్న చెయ్యి కావాలి. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ల వైపు నుంచి కట్టమ్మ లేచింది. కొంగు నడుముకు చెక్కి, నడుమ దారిలో నడిచి వచ్చింది. ఇంతవరకు ఆడమనిషి ఎవరూ గడప దగ్గర ఆ మాట అనలేదు.

"నా నోరు శుభ్రం. మళ్లా ముట్టినవా మరిదీ?"

"లేదు వదినె."

"రా. నీ జాగ ఖాళీగున్నది."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. నా వైపు చూడలేదు. కానీ వెళ్తూ వెళ్తూ నా చెప్పులను కాలితో నా వైపు జరిపింది.

రొట్టె ఎవరు విరిచారో నాకు కనబడలేదు. తలుపు రెక్క అడ్డం. కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. పదింటికి ఎండ సరిగ్గా కంట్లో పడుతుంది. పాట వినిపిస్తుంది, మాటలు విడివిడిగా తెలియవు. పదకొండేళ్లలో నేను ఒక్కసారీ ఇక్కడ నిలబడి చూడలేదు.

నిలబడే చోట ఒక చదునైన బండ ఉంది. అరికాళ్లకు నున్నగా తగిలింది. ప్రార్థన ముగిశాక ఉప్పలయ్య వచ్చి నా పక్కన చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

"వానకాలం బురదుంటదని నేనే తెచ్చి ఏసిన అన్నా. ఇయ్యాల ఎత్తుకపోదామనుకున్న." కాలితో బండను ఓసారి నొక్కి, "ఉండనీ తియ్" అన్నాడు.

మార్చి 3, సోమవారం

పచ్చళ్ల గది. మూడున్నర.

పొద్దున సార్ చాలా సంతోషంగా ఉన్నారు. ఆ జర్మన్ కంపెనీ వాళ్లు వర్షాలు వచ్చేలోపు ఇంకా నాలుగు గుంపులను పంపుతారట. ప్రతి గుంపుకూ వేరే సీసాలు, వేరే వంటలు. "మొగిలీ, నువ్వు లేకపోతే ఇది కాదు" అన్నారు. రేకులు రేపు లారీలో దిగుతాయి. నిన్న షెడ్డు దగ్గర జరిగింది ఆయనకు తెలియదు. తెలిసినా అదేదో మా ప్రార్థనల సంగతి అనుకుంటారు.

రుచించినవాడికి నలభై. ఆఖరి చుక్క ముట్టిన రోజు నుంచి లెక్క. అది కూడా నేను పెట్టిందే.

ఈ ఉద్యోగం వదిలితే షెడ్డు పోతుంది, అరవై మంది ఎండలో నిలబడాలి. వదలకపోతే ప్రతి గుంపుకూ నోట్లో పెట్టుకోవాలి, పెట్టుకున్న ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వాళ్ల నెత్తి మీద రేకులు ఉండాలంటే నేను ఆ రేకుల బయట ఉండాలి. ఆ అరవై మంది కోసమే నేను ఈ పనిలో ఉంటున్నాను.

పై వాక్యం రాసి మళ్లీ చదివాను. కొట్టేశాను. కొట్టివేత కింద నుంచి కూడా కనిపిస్తోంది.

ఫ్రిజ్‌లో పాత సీసాలు మూడు మిగిలాయి. సమ్మమ్మ ఇవాళ ఏ తమాషా మాటా అనలేదు. దాని తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది.

గురువారం స్నేహలత వస్తోంది, ఆ తర్వాత వారం కూడా, కొత్త సీసాలతో. వచ్చే ఆదివారం, తొమ్మిదో తారీకు, బండ మీద నిలబడతాను. అది ఒకటి అని పొద్దున ఇక్కడే పైన ఒక గీత గీసుకున్నాను. ఇప్పుడు చెరిపేశాను. నా ఒకటో ఆదివారం ఇంకా రాలేదు.